సీసీ కెమెరాల రికార్డర్‌ను అప్‌డేట్ చేయాలా, వద్దా?

ప్రశ్న: హన్మకొండలో మాది రెండంతస్తుల ఇల్లు. కింద బట్టల దుకాణం, పైన మా కాపురం. 2019లో తెలిసిన టెక్నీషియన్ చేత ఒక రికార్డర్, నెట్‌వర్క్ తీగతో పనిచేసే ఆరు ఐపీ కెమెరాలు పెట్టించాం. పాస్‌వర్డ్ ఆయనే పెట్టారు. ఫోన్‌లో చూసే యాప్‌ను కూడా ఆయన తన నంబరుతోనే మొదలుపెట్టి మాకు షేర్ చేశారు. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి చూసుకోవడానికని నెలనెలా అదనంగా కట్టి స్టాటిక్ ఐపీ తీసుకున్నాం. ఒక కెమెరాలో ట్రయల్ గది తలుపు పడుతుంటే అక్కడ బొమ్మ మీద నల్లటి గడి పెట్టించాం. ఈ మధ్య రికార్డర్ తెర మీద ‘కొత్త వెర్షన్ ఉంది’ అని వస్తోంది. టెక్నీషియన్‌ను అడిగితే ‘నడుస్తున్నదాన్ని కదిలించకండి, అప్‌డేట్ చేస్తే పెట్టె చచ్చిపోతుంది’ అన్నారు. మా అబ్బాయేమో వెంటనే చేయమంటున్నాడు. ఇవి కాక, మంచం పట్టిన మా అత్తగారి గదిలో ఆన్‌లైన్‌లో కొన్న చిన్న వైఫై కెమెరా ఒకటి ఉంది. ఏం చేయాలి? కంపెనీ ఇక అప్‌డేట్లు ఇవ్వకపోతే ఇవన్నీ పారేయవలసిందేనా?
— ఒక పాఠకురాలు, హన్మకొండ

సమాధానం: అప్‌డేట్ చేయవలసిందేనండీ. అయితే అది మీరు చేయవలసిన పనుల్లో మూడవది. మొదటిది పాస్‌వర్డ్‌నూ యాప్ ఖాతానూ మీ పేరు మీదికి తెచ్చుకోవడం, రెండవది రూటర్‌లో బయటికి తెరిచి ఉంచిన దారులను మూయడం. ఈ రెండూ చేయకుండా అప్‌డేట్ ఒక్కటే చేస్తే, ఇల్లు కట్టిన మేస్త్రి దగ్గర తాళంచెవి అలాగే ఉంచి తలుపుకు కొత్త గడియ బిగించినట్టు అవుతుంది. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టినవి కూడా పాస్‌వర్డ్ ఆయనే పెట్టారనీ యాప్ ఆయన నంబరు మీద ఉందనీ రాసిన ఆ రెండు వాక్యాలే. ఆ టెక్నీషియన్ మంచివారే కావచ్చు. కానీ ఆయన ఫోన్ పోయినా, ఆయన దగ్గర పనిచేసే కుర్రవాడు మానేసి వెళ్ళిపోయినా, ఊళ్ళో ఆయన కెమెరాలు పెట్టిన ఇళ్ళన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ వాడి ఉన్నా, మీ ఇంటి దృశ్యాలు ఎవరెవరు చూస్తున్నారో మీకు తెలిసే దారి లేదు.

ఆయన చెప్పిన భయంలో కొంత నిజం ఉంది. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయినా, మోడల్‌కు సరిపోని ఫైలు ఎక్కించినా, చైనా మార్కెట్టు కోసం తయారైన పెట్టెను దొడ్డిదారిన తెచ్చి ఇంగ్లీషు మెనూ వచ్చేలా మార్చి అమ్మినదైనా, అది మళ్ళీ లేవకపోవచ్చు. అటువంటివి చూసిన అనుభవంతోనే ఆయన వద్దని ఉంటారు. కానీ ‘నడుస్తోంది’ అన్న మాటకు బొమ్మ వస్తోంది, రికార్డు అవుతోంది అన్నంతవరకే అర్థం. లోపలి సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉంటే అది తెర మీద కనిపించదు. దాన్ని వాడుకుని ఎవరైనా లోపలికి వచ్చినా మీ బొమ్మ ఎప్పటిలాగే వస్తూ ఉంటుంది.

2021 సెప్టెంబరులో బయటపడిన ఒక లోపాన్ని ఉదాహరణగా తీసుకోండి. ప్రపంచంలో అత్యధికంగా కెమెరాలు అమ్మే కంపెనీల్లో ఒకటైన హిక్‌విజన్ తన కెమెరాల్లోనూ కొన్ని రికార్డర్లలోనూ తీవ్రమైన లోపం ఉందని ఆ నెలలో ప్రకటించింది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఏమీ తెలియకపోయినా, కెమెరా వెబ్ పేజీని చేరుకోగలిగితే చాలు, దానికి తమ ఇష్టం వచ్చిన ఆజ్ఞలు ఇవ్వగలిగే లోపం అది. తీవ్రతను కొలిచే 10 మార్కుల పట్టికలో దానికి 9.8 పడింది. మీరు ఎంత గట్టి పాస్‌వర్డ్ పెట్టుకున్నా దాని ముందు పనికిరాదు. సరిచేసిన సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించుకోవడమే మార్గం. ఆ కంపెనీ వెర్షన్ వరుసలో ‘బిల్డ్’ అన్న మాట పక్కన 6 అంకెలు ఉంటాయి. మొదటి రెండు సంవత్సరం, తర్వాతి రెండు నెల, చివరి రెండు తేదీ. ఈ లోపం విషయంలో కెమెరాలకు కంపెనీ గీసిన గీత 210625, అంటే 2021 జూన్ 25. అంతకు ముందు తయారైన సాఫ్ట్‌వేర్‌తో నడిచే మోడళ్ళలో చాలావాటికి ఆ లోపం ఉన్నట్టే. మీ రికార్డర్ ఏ కంపెనీదో మీరు రాయలేదు. ఏదైనా సరే, మెనూలో ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’ లేదా ‘మెయింటెనెన్స్’ అన్న చోట వెర్షన్, తేదీ కనిపిస్తాయి. అది ఇంకా 2019 దగ్గరే ఆగి ఉంటే, ఆ తర్వాత ఇన్నేళ్ళలో బయటపడిన లోపాలన్నీ మీ పెట్టెలో సరిచేయకుండా అలాగే మిగిలి ఉన్నాయని అర్థం.

పాస్‌వర్డ్ విషయానికీ ఇటువంటి చరిత్రే ఉంది. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రామ్ కొన్ని లక్షల కెమెరాలను, రికార్డర్లను, రూటర్లను పట్టుకుంది. అందులో గొప్ప తెలివి ఏమీ లేదు. తయారీదారులు పెట్టి పంపిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు అరవై పైచిలుకు దాని దగ్గర ఉండేవి, వాటిని ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నించేది, అంతే. అలా చిక్కిన పరికరాల సైన్యంతో ఆ ఏడాది అక్టోబరు 21న, వెబ్‌సైట్ల పేర్లను వాటి అంకెల చిరునామాలతో కలిపే డైన్ అనే సంస్థ మీద దాడి జరిగి, అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి తెరుచుకోలేదు. పరికరాన్ని ఆపి మళ్ళీ పెడితే మిరాయ్ చెరిగిపోయేది, కానీ పాస్‌వర్డ్ మార్చకపోతే కొద్ది నిమిషాల్లోనే మళ్ళీ పట్టుకునేది. మన దేశంలో జరిగింది ఇంకా బాధాకరం. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి సీసీ కెమెరాల దృశ్యాలు, పరీక్షలకు వచ్చిన స్త్రీల వీడియోలు, యూట్యూబ్ ద్వారా, టెలిగ్రామ్ ద్వారా డబ్బుకు అమ్ముడైనట్టు పోలీసులు కనుగొన్నారు. మీది బట్టల దుకాణం. మీ దగ్గరికి వచ్చేవారిలో ఆడవాళ్ళే ఎక్కువ కనుక దీన్ని మీ ఇంటి భద్రత సంగతిగా మాత్రమే చూడవద్దని కోరుతున్నాను.

ఇక పనిలోకి వద్దాం. రికార్డర్‌కు టీవీనో మానిటర్‌నో తగిలించి, మౌస్‌తో, దాని ముందే కూర్చుని చేయండి. ఇప్పుడున్న అడ్మిన్ పాస్‌వర్డ్ టెక్నీషియన్‌ను అడిగి తీసుకుని, యూజర్ల పేజీలో దాన్ని మార్చండి. అదే పేజీలో ఇంకెవరి పేరుతోనైనా యూజర్లు ఉన్నారేమో చూసి, మీకు తెలియనివి తొలగించండి. పాస్‌వర్డ్ మరిచిపోతే తిరిగి పొందడానికి చాలా రికార్డర్లలో ఈమెయిల్, రహస్య ప్రశ్నలు ఉంటాయి. అక్కడ ఆయన ఈమెయిల్ ఉంటే మీరు ఎన్నిసార్లు పాస్‌వర్డ్ మార్చినా ఆయన తిరిగి తెరవగలరు కాబట్టి దాన్ని కూడా మీదిగా మార్చాలి. అబ్బాయికి అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వనక్కరలేదు. చూడటానికి మాత్రమే అనుమతి ఉన్న వేరే యూజర్‌ను సృష్టించవచ్చు.

యాప్ సంగతి కొంచెం ఓపిక అడుగుతుంది. సాధారణంగా ఒక రికార్డర్ ఒకే ఖాతాకు కట్టుబడి ఉంటుంది. మిగిలినవారంతా ఆ ఖాతా యజమాని షేర్ చేస్తే చూసేవారే. ఇప్పుడు ఆ యజమాని టెక్నీషియన్. ఆయన తన యాప్‌లోంచి మీ రికార్డర్‌ను తొలగించిన తర్వాతే, పెట్టె అడుగున ఉన్న క్యూఆర్ కోడ్‌తో మీ నంబరు మీద చేర్చుకోగలుగుతారు. ఆయన ఫోన్ ఎత్తకపోయినా, కుదరదన్నా, కొన్ని యాప్‌లు అదే వైఫైలో ఉండి అడ్మిన్ పాస్‌వర్డ్ చూపితే పాత ఖాతా నుంచి విడదీసే వీలు కల్పిస్తాయి. అదీ లేకపోతే కొన్న బిల్లు, సీరియల్ నంబరు పెట్టి కంపెనీ సేవా కేంద్రానికి రాయండి. ఆయనను అడిగేటప్పుడు అనుమానించినట్టు కాకుండా, ‘ఇకనుంచి మా అబ్బాయి చూసుకుంటానంటున్నాడు’ అని చెబితే సరిపోతుంది. ఇన్నేళ్ళ పరిచయం చెడగొట్టుకోవలసిన అవసరం లేదు.

ఇక్కడ చాలామంది తికమకపడే విషయం ఒకటి ఉంది. రికార్డర్ పాస్‌వర్డ్ వేరు, ఒక్కొక్క ఐపీ కెమెరా పాస్‌వర్డ్ వేరు. రికార్డర్‌ది మార్చినంత మాత్రాన కెమెరాలది మారదు. తీరా కెమెరాది మారిస్తే, రికార్డర్ పాత పాస్‌వర్డ్‌తోనే దాన్ని పదేపదే తట్టుతూ ఉంటుంది. కొన్ని తప్పు ప్రయత్నాల తర్వాత కెమెరా దాన్ని ఓ అరగంట పాటు బయట నిలబెడుతుంది. ఆ సమయంలో తెర నల్లబడి ‘యూజర్‌నేమ్ లేదా పాస్‌వర్డ్ తప్పు’ అని వస్తే కెమెరా పాడైందనుకుని కంగారుపడకండి. ఒక కెమెరా పాస్‌వర్డ్ మార్చగానే రికార్డర్‌లో ఆ కెమెరా వరుసలోనూ కొత్తది రాసి, బొమ్మ వచ్చాకే రెండవదాని జోలికి వెళ్ళండి. మీ కెమెరాల తీగలు నేరుగా రికార్డర్ వెనుక ఉన్న సాకెట్లకే వెళుతుంటే అవి లోపలి ప్రత్యేక నెట్‌వర్క్‌లో ఉన్నట్టే కనుక ఈ పని కొంత నిదానంగా చేసుకోవచ్చు. మధ్యలో నెట్‌వర్క్ తీగలను కలిపే మామూలు స్విచ్చు పెట్టె ఉండి, దుకాణం వైఫై కూడా అందులోంచే వస్తుంటే మాత్రం వాయిదా వేయవద్దు.

రెండవ పని రూటర్‌ది. స్టాటిక్ ఐపీ తీసుకున్నామన్నారు కదా, దాని అర్థం మీ రికార్డర్‌కు ఇంటర్నెట్టులో మారని చిరునామా ఒకటి ఉండి, రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ అనే ఏర్పాటుతో బయటివారు నేరుగా దాని గుమ్మం దాకా రాగలగడం. మన దగ్గర మామూలు ఇంటి కనెక్షన్లలో చాలావరకు అనేకమంది ఒకే బయటి చిరునామాను పంచుకుంటారు కనుక బయటివారు లోపలికి రావడం కుదరదు. డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ తీసుకున్నవారే ఈ విషయంలో ఎక్కువ బయటపడి ఉన్నారు. పైన చెప్పిన పాస్‌వర్డ్ అక్కరలేని లోపం వాడుకునేవారికి కావలసింది సరిగ్గా ఇటువంటి తెరిచిన గుమ్మమే. రూటర్ అడుగున రాసి ఉన్న చిరునామా, సాధారణంగా 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ, బ్రౌజర్‌లో తెరిచి, పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీలో 80, 554, 8000, 37777 వంటి పోర్టు అంకెలతో రికార్డర్‌కు దారి చూపే వరుసలుంటే తొలగించండి. యూపీఎన్‌పీ అనే మీట ఉంటే ఆపేయండి, లేకపోతే రికార్డర్ తనంతట తానే ఆ దారులు మళ్ళీ తెరుచుకోగలదు.

మూసుకుందో లేదో పరీక్షించడం మీ ఇంట్లో చాలా తేలిక. డాలస్‌లోని మీ అబ్బాయిని ఆ స్టాటిక్ ఐపీ అంకెలను తన బ్రౌజర్‌లో కొట్టి చూడమనండి, ఇంతకుముందు ఏ పోర్టు అంకె చేర్చి చూసేవాడో దానితో కూడా. రికార్డర్ లాగిన్ పేజీ వస్తే ఇంకా తెరిచే ఉంది. ఏమీ రాకుండా తిరుగుతూ ఆగిపోతే మూసుకున్నట్టు. మరి అతను చూసేదెలా అంటారా? కంపెనీ యాప్ ద్వారా చూసినప్పుడు మీ రికార్డరే లోపలి నుంచి కంపెనీ సర్వర్‌ను పిలుస్తుంది కనుక బయటివారికి గుమ్మం తెరవనక్కరలేదు. ఆ కంపెనీ సర్వర్ల మీద ఆధారపడటం నచ్చకపోతే, మంచి రూటర్లలో ఉండే వైర్‌గార్డ్ వంటి వీపీఎన్‌ను, అంటే తాళం ఉన్నవారికే తెరుచుకునే గుప్త దారిని, మీ అబ్బాయి ఒకసారి వచ్చినప్పుడు అమర్చి వెళ్ళవచ్చు, దానికైతే స్టాటిక్ ఐపీ ఉపయోగపడుతుంది. యాప్‌తోనే సరిపెట్టుకుంటే ఆ నెలనెలా కట్టే అదనపు డబ్బు మానేయవచ్చు. దుకాణానికి వచ్చినవారికి వైఫై పాస్‌వర్డ్ ఇచ్చే అలవాటుంటే, వారికి గెస్ట్ నెట్‌వర్క్ వేరుగా పెట్టండి.

ఇప్పుడు అప్‌డేట్. ముందుగా రికార్డర్ పూర్తి మోడల్ సంఖ్య, సీరియల్ నంబరు, ప్రస్తుత వెర్షన్ వరుసను ఫోన్‌తో ఫొటో తీసుకోండి. మోడల్‌లో చివరి అక్షరం తేడా వచ్చినా ఫైలు వేరే కావచ్చు. ఫైలును కంపెనీ భారతదేశ వెబ్‌సైటు నుంచే తీసుకోండి. యూట్యూబ్ వీడియో కింద ఇచ్చిన లింకు, ఎవరో వాట్సాప్‌లో పంపిన ఫైలు, ఎంత తెలిసినవారు పంపినా వద్దు. మీ సీరియల్ నంబరును కంపెనీ తనదిగా గుర్తించకపోతే ఆగిపోండి, దొడ్డిదారి సరుకు కావచ్చు. దాని మీద అసలు ఫైలు ఎక్కిస్తే టెక్నీషియన్ చెప్పిన ప్రమాదం నిజంగానే జరుగుతుంది. ఫైలుతో పాటు కంపెనీ ఇచ్చే విడుదల వివరాలు చదవండి. మరీ పాత వెర్షన్ నుంచి నేరుగా కొత్తదానికి దూకకుండా మధ్యలో ఒక వెర్షన్ ఎక్కించమని కొన్నిసార్లు అందులో ఉంటుంది. ఒకసారి ఎక్కాక వెనక్కి పోలేని వెర్షన్లు కూడా ఉంటాయి.

తర్వాత ఒక పెన్‌డ్రైవ్‌లోకి రికార్డర్ సెట్టింగులన్నీ ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. పోలీసు కేసుకో, గొడవకో సంబంధించిన పాత దృశ్యాలు ఏవైనా ఉంటే అవి కూడా కాపీ చేసుకోండి. మామూలుగా అప్‌డేట్ హార్డ్ డిస్కును తాకదు, అయినా పోతే తిరిగిరానిదాన్ని ముందే దాచుకోవడం మంచిది. రికార్డర్‌నూ కెమెరాలకు కరెంటు ఇచ్చే స్విచ్చునూ యూపీఎస్ మీదికి మార్చండి. యూపీఎస్ బ్యాటరీ పాతదైతే, ప్లగ్గు పీకి కనీసం పదిహేను, ఇరవై నిమిషాలు నిలుస్తుందో లేదో ముందే చూడండి. గాలివాన వచ్చే సాయంత్రాలు ఈ పని పెట్టుకోకండి. దుకాణం మూసి ఉన్న ఉదయం పూట చేస్తే, ఏదైనా తేడా వచ్చినా ఆ రోజు సేవా కేంద్రం తెరిచి ఉంటుంది. ఎక్కుతున్నంతసేపూ గీత ఒకచోట ఆగినట్టు కనిపించినా, పెట్టె తనంతట తాను ఆగి మళ్ళీ మొదలైనా, తెర నల్లబడినా చేయి పెట్టవద్దు. పది, పదిహేను నిమిషాలైనా వేచి చూడాలి. చచ్చిపోయిన పెట్టెల్లో చాలావాటిని చంపింది అప్‌డేట్ కాదు, మధ్యలో ఓపిక పట్టలేక పీకిన ప్లగ్గు.

రికార్డర్ లేచి అంతా సవ్యంగా ఉందనుకున్నాక రెండు, మూడు రోజులు ఆగి కెమెరాల దగ్గరికి వెళ్ళండి. ఆరింటికీ ఒకేసారి కాకుండా, పోయినా పెద్ద నష్టం లేని ఒకదానికి, మెట్ల దగ్గరదో వెనక గోడదో, ముందు ఎక్కించి ఒక రాత్రి గమనించి, ఆ తర్వాత మిగతావి చేయండి. ఇది చదువుతున్న ఇతరులలో కేబుల్ టీవీ తీగ వంటి గుండ్రటి తీగతో వచ్చే పాత పద్ధతి కెమెరాలు, వాటి రికార్డరైన డీవీఆర్ ఉన్నవారు కూడా ఉంటారు. వారు డీవీఆర్ ఒక్కదాన్ని అప్‌డేట్ చేసుకుంటే చాలు, ఆ కెమెరాలకు నెట్‌వర్క్‌తో పని లేదు.

అప్‌డేట్ తర్వాత బొమ్మ వచ్చింది కదా అని లేచి వెళ్ళిపోకండి. గడియారం చూడండి, జీఎంటీకి 5 గంటల 30 నిమిషాలు కలిపిన సమయమేనా, తేదీ సరిగ్గా ఉందా అని. దొంగతనం జరిగి దృశ్యం పోలీసులకు ఇవ్వవలసి వస్తే గంట తేడా కూడా చిక్కులు తెస్తుంది. నిన్నటి దృశ్యాన్ని వెనక్కి వేసి చూడండి, ఈ రోజుది రికార్డవుతోందో లేదో చూడండి. అన్నిటికన్నా ముఖ్యంగా ఆ నల్లటి గడి. అది కెమెరా బొమ్మ మీద సాఫ్ట్‌వేర్ వేసే ముసుగు మాత్రమే. సెట్టింగులు మొదటికి వస్తే అది మాయమై ట్రయల్ గది తలుపు మళ్ళీ కనిపిస్తుంది, పైగా అడ్మిన్‌గా లోపలికి వచ్చినవారెవరైనా ఒక్క నొక్కుతో దాన్ని తీసేయగలరు. కాబట్టి గడిని నమ్ముకోవద్దు. నిచ్చెన వేసి ఆ కెమెరాను బిల్లింగ్ బల్ల వైపు తిప్పించండి, అవసరమైతే స్థలమే మార్పించండి. సమ్మతి లేకుండా స్త్రీల ఏకాంతాన్ని చిత్రించడం నేరం. ఆ ఉద్దేశం మీకు లేకపోయినా, దుకాణానికి వచ్చిన ఆడపిల్లకు అటువంటి అనుమానం కూడా కలగకూడదు.

మీ అత్తగారి గదిలోని వైఫై కెమెరా వేరే తరహాది. దాని దృశ్యం చాలావరకు కంపెనీ సర్వర్ల మీదుగా వెళుతుంది, అప్‌డేట్ యాప్‌లోనే వస్తుంది, ఆపకుండా ప్లగ్గులో ఉంచి నొక్కితే చాలు. యాప్ ఖాతాకు వేరే పాస్‌వర్డ్, ఓటీపీతో రెండవ తనిఖీ పెట్టండి, ఎవరెవరికి షేర్ చేశారో చూసి మానేసిన ఆయా పేరు వంటివి తొలగించండి. అయితే ఇంత చేసినా మీ చేతిలో లేనిది కొంత మిగులుతుంది. 2024 ఫిబ్రవరిలో అమెరికాలో వైజ్ అనే కంపెనీ సర్వర్లలో జరిగిన పొరపాటు వల్ల సుమారు 13,000 మంది వాడకందార్లకు ఇతరుల ఇళ్ళ కెమెరాల చిత్రాలు కనిపించాయి. అందులో ఆ ఇళ్ళవారి పాస్‌వర్డ్ తప్పేమీ లేదు. కాబట్టి ఆ కెమెరాను మంచం మీదికి కాకుండా తలుపు, మందుల బల్ల వైపు ఉంచండి. ఆమెకు స్నానం చేయించేటప్పుడు, బట్టలు మార్చేటప్పుడు ప్లగ్గు తీసేయమని ఆయాకు చెప్పండి. ఆమెకు తెలివి ఉన్నంతవరకు ఆమె అనుమతి కూడా అడగండి. పెద్దవారి బాగోగుల కోసమే పెట్టినా, ఆ గది ఆమెది.

ఇక మీ చివరి ప్రశ్న. కంపెనీ అప్‌డేట్లు ఆపేస్తే పారేయనక్కరలేదు. ఆ రికార్డర్ నుంచి రూటర్‌కు వెళ్ళే తీగను పీకేయండి. కెమెరాలు నేరుగా దాని వెనుక సాకెట్లకే కలిసి ఉంటే ఇంటర్నెట్టు లేకుండానే రికార్డు చేస్తూ ఉంటుంది, మీరు టీవీలో చూడవచ్చు. గడియారాన్ని ఇంటర్నెట్టు సరిచేయదు కనుక నెలకోసారి మీరే చూసి దిద్దుకోవాలి. మీ అబ్బాయి చూడటానికి గేటు దగ్గర ఒక్క కొత్త కెమెరా విడిగా పెట్టుకుంటే చాలు. 2025 ఏప్రిల్ 9 నుంచి మన దేశంలో అమ్మే సీసీ కెమెరాలు కేంద్ర ప్రభుత్వం నిర్దేశించిన భద్రతా పరీక్షల్లో నెగ్గి ఉండాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది కాబట్టి, కొనేటప్పుడు ఆ ధృవీకరణ ఉందా, ఆ మోడల్‌కు ఎన్నాళ్ళు అప్‌డేట్లు ఇస్తారు అన్న రెండూ అడిగి, బిల్లు మీద మోడల్ సంఖ్య రాయించుకోండి. పాత రికార్డర్‌ను ఎప్పటికైనా పాత సామాన్ల వారికి వేసేటట్టయితే, యాప్ ఖాతాలోంచి దాన్ని తొలగించి, లోపలి హార్డ్ డిస్కు విప్పించి మీ దగ్గరే ఉంచుకోండి.